మంగళవారం గడి

మా నాన్నకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. వారం రోజులకూ విడివిడిగా గళ్లున్న మాత్రల డబ్బా ఒకటి పోయిన ఏడాది అమెరికాలో నేనుండే ఎడిసన్ నుంచి తెనాలి తీసుకెళ్లి ఇచ్చాను. మూతల మీద ఇంగ్లిష్ అక్షరాలుంటే అమ్మ వాటిపై కాగితం ముక్కలు అంటించి సో, మం, బు, గు, శు, శ, ఆ అని రాసుకుంది. మొన్నొక బుధవారం ఫోన్ చేస్తే, "మంగళవారం గడి అట్లాగే ఉందిరా, మీ నాన్న తెరవనే లేదు" అంది. నాన్నను అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు. "పోవాలని రాసిపెట్టి ఉంటే ఎన్ని మాత్రలు మింగినా ఆగదు. లేదంటావా, మింగకపోయినా ఏమీ కాదు. ఇంకెందుకురా టెన్షన్?"

వినడానికి ఇది వేదాంతంలా ఉంటుంది. కానీ ఇందులో పెద్ద పొరపాటుంది. అది మన పెద్దవాళ్ల ప్రాణాల మీదికి తెస్తోందని భయపడి ఇది రాస్తున్నాను.

రెండు వేల ఏళ్ల పైచిలుకు క్రితమే గ్రీకులు ఈ వాదానికి సోమరి వాదం అని పేరు పెట్టారు. జబ్బు నయం కావాలని ఉంటే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా నయమవుతుంది, కాబట్టి పిలవడం దండగ. అచ్చం మా నాన్న మాటే. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు తత్వవేత్త క్రిసిప్పస్ విధిని గట్టిగా నమ్మినవాడు. అయినా దీన్ని ఒప్పుకోలేదు. నయం కావాలని ఉంటే, వైద్యుణ్ణి పిలవాలని కూడా దాంతోపాటే ఉంటుందన్నాడు. నలభై ఏళ్లు వరి పండించిన మా నాన్నకు ఇది ఒకరు చెప్పాలా? పండాలని ఉంటే అదే పండుతుందని ఆయన ఏనాడూ నారు పోయకుండా కూర్చోలేదు.

నాన్న రోజూ గీత చదువుతారు. పద్దెనిమిదో అధ్యాయం 60వ శ్లోకంలో కృష్ణుడు, మోహంతో నువ్వు చెయ్యనంటున్న పనినే నీ స్వభావం నీచేత చేయిస్తుంది అంటాడు. 61లో ఈశ్వరుడు ప్రాణులన్నిటినీ యంత్రం మీద ఎక్కించినట్టు తిప్పుతున్నాడంటాడు. తలరాత గురించి ఇంతకంటే గట్టిగా ఏం చెప్పగలం? కానీ ఇంకో శ్లోకం దాటగానే, 63లో, "యథేచ్ఛసి తథా కురు" అంటాడు. అంతా బాగా ఆలోచించుకుని, నీకెలా తోస్తే అలా చెయ్యమని. అర్జునుడి ఆలోచన కూడా ఆ యంత్రంలో ఒక భాగమేనని నేను అర్థం చేసుకున్నాను. అతను ఆలోచించకుండా ఉంటే అది మరోలా తిరిగేది.

ఇక్కడి మన పిల్లలు ఇదే మాటకు సైన్స్ దారిలో వస్తున్నారు. అన్నీ మెదడే ముందు నిర్ణయించేస్తుందట. 1983లో మెదడు శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ చేసిన ప్రయోగంలో, చెయ్యి కదపాలన్న కోరిక మనిషికి తెలిసింది కదలికకు సుమారు 200 మిల్లీసెకన్ల ముందు. మెదడులో సంకేతం మాత్రం సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మొదలైంది. ఆ సంకేతం నిర్ణయం కాకపోవచ్చని, మెదడులో సహజంగా ఉండే హెచ్చుతగ్గులే అలా కనిపిస్తుండవచ్చని 2012లో మరో బృందం వాదించింది. పైగా అది ఊరికే చెయ్యి కదిపే పని. ఇక్కడే ఉండిపోవాలా, ఇండియా వెళ్లిపోవాలా అని నెలల తరబడి నలిగే మనిషికి దాన్ని అతికించడం నాకు సబబనిపించదు.

అలాగని తలరాత అనే మాటే వద్దని నేననను. నేనూ నా రూమ్మేటూ ఒకే క్లాసులో చదివాం. మార్కులు నాకంటే అతనికే ఎక్కువ. ఇక్కడ ఉద్యోగం చెయ్యడానికి ఇచ్చే హెచ్-1బి వీసాల కోటా ఏడాదికి 85,000. కంప్యూటర్ తీసిన లాటరీలో మొదటిసారే నా పేరు వచ్చింది. అతనికి మూడోసారీ రాలేదు. సూట్‌కేసులు సర్దుకుంటుంటే వాళ్లమ్మ ఫోన్లో, "నీ తప్పేం లేదు నాన్నా, మన రాత అంతే" అంది. ఆ రాత్రి ఆ మాటే అతన్ని నిలబెట్టింది. మన సభల్లో ఎవరైనా "కష్టపడ్డాం, పైకొచ్చాం" అంటే నాకు అతనే గుర్తొస్తాడు. నేను కష్టపడ్డ మాట నిజమే. అతనూ పడ్డాడు.

రూమ్మేట్ వాళ్లమ్మ అన్నది అయిపోయినదాని గురించి. మా నాన్న అంటున్నది ఇంకా కానిదాని గురించి. ఈ తేడా దగ్గర మాత్రం నేను రాజీపడలేను.

ఇప్పుడు రోజూ మా రాత్రి తొమ్మిదింటికి, అంటే అక్కడ పొద్దున ఆరున్నరకు, ఫోన్ చేస్తున్నాను. మొన్న నాన్నతో అన్నాను: "అంతా రాసిపెట్టి ఉందనే అనుకుందాం నాన్నా. ఈ వేళకు నేను ఫోన్ చేసి అడగాలని కూడా రాసిపెట్టి ఉన్నట్టేగా?"

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత డబ్బా మూత టక్కున తెరుచుకున్న చప్పుడు వినిపించింది. "ఏమేవ్, కాసిని మంచినీళ్లు తీసుకురా" అని అమ్మను కేకేశారు.