"ఫార్మాట్ చేయాలా?" అని అడిగే పెట్టె గారికి

హన్మకొండ నుంచి నమస్కారాలు.

మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. మీరు మాత్రం జాతర ఫోటోలున్న కెమెరా కార్డు విండోస్ కంప్యూటర్లో పెట్టగానే తెర మీదికి వస్తారు. "ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి. చేయాలా?" అంటారు. ఎంత మర్యాద! లోపల గద్దెలున్నాయి, జంపన్నవాగు ఉంది, నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూగిన మేనల్లుడున్నాడు. అన్నీ తుడిచేయడానికి అనుమతి అడుగుతున్నారు.

మా ఊళ్లల్లో ఆర్‌ఎంపీ డాక్టర్లుంటారు. జ్వరమన్నా సూదే, నడుము నొప్పన్నా సూదే. మీరు వాళ్లకు పెద్దన్న. కాకపోతే వాళ్ల సూది తర్వాత రోగి ఇంటికి నడిచి వెళ్తాడు.

ఫ్లాపీల కాలం నుంచీ మీకిదే పని. డ్రైవ్‌లో చదివే, రాసే హెడ్ కాస్త పక్కకు జరిగి ఉంటే, అందులో రాసిన 1.44 ఎంబీ ఫ్లాపీ అదే డ్రైవ్‌లో బాగానే చదువుతుంది, పక్క కంప్యూటర్లో చదవదు. ఫ్లాపీ తప్పేం లేదు. అయినా మీరు ప్రత్యక్షం.

మా సందులోని స్టూడియోలో ఒక విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంకా బతికే ఉంది. పాత ప్రింటర్ దాని మాట తప్ప వినదు మరి. ఒకసారి కొత్త కుర్రాడు అందులో 64 జీబీ కార్డు పెట్టాడు. ఫార్మాట్ కాలేదు, చేయమంటారా అన్నారు మీరు. ఆ సైజు కార్డులు ఫైళ్లను ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో అమర్చుకుని వస్తాయి. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి విడిగా అప్‌డేట్ వేస్తే తప్ప అది అర్థం కాదు. చదువు రానిది కంప్యూటర్‌కు, శిక్ష కార్డుకా? కుర్రాడి వేలు ఎంటర్ దగ్గరికి పోతుంటే స్టూడియో అన్న "ఆగు తమ్మీ!" అని అరిచిన అరుపుకు టీ తెచ్చిన పిల్లాడు కూడా ఆగిపోయాడు.

ఆ అన్న వైద్యం వేరు. ముందు కార్డు తీసి, బంగారు రంగు గీతల మీద జాతర దుమ్మును పొడి గుడ్డతో తుడుస్తాడు. తర్వాత కార్డును కంప్యూటర్‌కు కలిపే రీడర్ మారుస్తాడు. 2006కు ముందటి రీడర్లు 2 జీబీ దాటిన ఎస్‌డీ కార్డులను గుర్తుపట్టవని ఆయనకు తెలుసు. అదీ కాకపోతే కార్డును మళ్లీ కెమెరాలోనే పెట్టి, కేబుల్‌తో కలుపుతాడు. పెద్ద కాంపాక్ట్ ఫ్లాష్ కార్డయితే టార్చి వేసి స్లాట్‌లోకి చూస్తాడు. అక్కడ 50 పిన్నులుంటాయి, ఒక్కటి వంగినా మీకు పండగే.

మీ తమ్ముడొకడు ఉన్నాడు, "రైట్ ప్రొటెక్టెడ్", అంటే ఈ కార్డు మీద రాయడం కుదరదు, అంటూ తిరుగుతుంటాడు. ఎస్‌డీ కార్డు పక్కనున్న ఆ లాక్ ముక్క ఉత్త ప్లాస్టిక్, లోపల దేనికీ కలిసి ఉండదు. అది ఎటు ఉందో చూసుకునేది రీడరే. ముక్క ఊడిపోతే అక్కడ చిన్న టేపు అంటిస్తే వాడి నోరు మూతపడుతుంది. మీ నోటికి అలాంటి టేపు లేదు.

కార్డు నిజంగానే చెడే రోజులూ ఉంటాయి, కాదనను. ఫోటో రాస్తుండగా బ్యాటరీ అయిపోయినా, ఎవరైనా కార్డు లాగేసినా ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక చెడుతుంది. చాలాసార్లు ఫోటోలు ఉన్నచోటే ఉంటాయి. అప్పుడు కార్డు మీద కొత్తగా ఏమీ రాయకుండా, మొత్తాన్ని ఒక కాపీ తీసుకుని, ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ కాపీలో వెతుక్కోవాలి. ఈ దారి మీ పెట్టెలో ఒక్క ముక్కయినా లేదేం? "నాకు చదవడం రావట్లేదు, వేరే రీడర్‌లో చూడండి" అని రాసుకుంటే మీ పరువేం పోతుంది?

ఇట్లు,
మీ మీద "రద్దు" నొక్కీ నొక్కీ మౌస్ అరగదీసుకున్న ఒక ఓరుగల్లు వాసి

తా.క.: మీలో ఒక్క మంచి గుణం ఉంది. "క్విక్ ఫార్మాట్" దగ్గర ముందే టిక్ పెట్టి ఉంచుతారు. పొరపాటున ఎవరైనా సరేనన్నా పోయేది ఎక్కువగా పట్టికే, ఫోటోలు వెతికితే దొరకొచ్చు. ఆ టిక్ తీసేస్తే, ఎక్స్‌పీ తర్వాతి విస్టా నుంచి ఇటు వచ్చిన విండోస్ అన్నీ కార్డు నిండా సున్నాలు రాస్తాయి. దాని జోలికి మాత్రం వెళ్లకండి.