గ్లాడియేటర్ సిరీస్‌లు: చావు లెక్క ఎక్కడ తప్పుతోంది?

క్రీ.పూ. 1వ శతాబ్దంలో రోమ్ మీద తిరగబడ్డ గ్లాడియేటర్ (జనం వినోదం కోసం బరిలో పోరాడే యోధుడు) స్పార్టకస్ కథతో 2010లో స్టార్జ్ ఛానల్ మొదలుపెట్టిన 'స్పార్టకస్' సిరీస్ చూస్తే, ఇటలీలోని కాపువా బరిలోకి ఇద్దరు దిగితే ఒకరి శవం లేవాల్సిందే అనిపిస్తుంది. నిజంగా అలా జరిగి ఉంటే గ్లాడియేటర్లను మేపే యజమాని ఏడాది తిరక్కుండా దివాలా తీసేవాడు.

క్రీ.శ. 2వ శతాబ్దపు రోమన్ న్యాయవేత్త గాయస్ ఒక ఒప్పందాన్ని ఉదాహరణగా చెప్పాడు. ఆటలకు పంపిన గ్లాడియేటర్ క్షేమంగా తిరిగొస్తే, అతని చెమటకు 20 దెనారీలు (రోమన్ వెండి నాణేలు). చనిపోయినా, అవిటివాడైనా 1,000 దెనారీలు. మొదటిది అద్దె, రెండోది అమ్మకం. అంటే ఓడినవాణ్ణి చంపమని జనం కేకలేస్తుంటే, ఆటలు పెట్టిన పెద్దమనిషి 50 రెట్ల ఖర్చును తలకెత్తుకోవాలి. ఆ క్షణంలో అతని ముఖం మీదే కెమెరా నిలిపితే ఎంత నాటకం పండేది! మనకు దొరికేది మాత్రం స్లో మోషన్‌లో చిమ్మే నెత్తురు.

రోమన్ నగరం పాంపేయి గోడల మీది గీతలు కూడా ఇదే చెబుతాయి. బొమ్మల పక్కన గెలిచినవాడికి వి, ఓడినా ప్రాణాలతో వదిలేసినవాడికి ఎం, చనిపోయినవాడికి పి అని రాసేవారు. మార్కస్ అట్టీలియస్ అనే కొత్తవాడు 14 పోటీల అనుభవమున్న హిలారస్‌ను ఓడించాడు. హిలారస్ పేరు పక్కన ఉన్నది ఎం.

ఛాతీ మీద కవచం లేకుండా చూపించడం చాలావరకు సరైనదే. చేతికీ కాలికీ మాత్రం రక్షణ ఉండేది, ఎందుకంటే అక్కడ చిన్న గాటు పడినా పోటీ చప్పగా ముగిసిపోతుంది. సిరీస్‌లో చూపే కండలే నమ్మశక్యంగా లేవు. నేటి టర్కీలోని ఎఫెసస్ గ్లాడియేటర్ల శ్మశానంలో దొరికిన ఎముకల పరీక్షలో వాళ్ల తిండి ఎక్కువగా ధాన్యాలు, పప్పుదినుసులేనని తేలింది. బార్లీ తినేవాళ్లని రోమన్ రచయిత ప్లీనీ కాలం నాటికే వాళ్లకు పేరుంది. వల, త్రిశూలం పట్టే రెటియారియస్‌ను స్పార్టకస్ కాలంలో చూపిస్తే అదీ పొరపాటే. అతని ఆధారాలు క్రీ.శ. 1వ శతాబ్దం నుంచే కనిపిస్తాయి. అతని ప్రత్యర్థి సెక్యూటర్ శిరస్త్రాణం వల తగులుకోకుండా నున్నగా, కళ్లకు రెండు చిన్న కన్నాలతో ఉంటుంది. లోపల ఊపిరి సరిగా ఆడదు. అందుకే రెటియారియస్ వెనక్కి వెనక్కి జరుగుతూ వాణ్ణి అలసిపోనిస్తాడు.

ఇంత చెప్పినా ఆ వ్యవస్థ క్రూరత్వం రవ్వంత కూడా తగ్గదు. మనిషిని సరుకుగా లెక్కగట్టారు కాబట్టే బతకనిచ్చారు. క్రీ.పూ. 73లో స్పార్టకస్ సహా 78 మంది గ్లాడియేటర్లు వంటింటి కత్తులు, ఊచలతో కాపువా శిక్షణశాల నుంచి తప్పించుకున్నారని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. క్రీ.పూ. 71లో తిరుగుబాటు అణగాక 6,000 మందిని రోమ్‌కు వెళ్లే అప్పియన్ దారి పొడవునా శిలువ వేశారు. ఆ కసిని సిరీస్ బాగానే పట్టుకుంది.

ఇక ముందు ఇలాంటివి తీసేవాళ్లు బరిలో ఒక రిఫరీని నిలబెట్టాలి. రోమన్ మొజాయిక్‌లలో పొడవాటి కర్రతో కనిపించే మనిషి అతనే. ఒకడు కింద పడి వేలెత్తగానే ఎదుటివాడి కత్తిని ఆపేది అతనే.