జామ్ మ్యాథ్స్ మన పిల్లలకు రాదనడం తప్పు

నల్గొండ, మహబూబ్‌నగర్ డిగ్రీ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్లకు రాసే ప్రవేశ పరీక్ష) గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "జామ్ మ్యాథ్స్ తెలుగు మీడియం వాళ్లకు రాదు. హైదరాబాద్ కోచింగ్ తప్పదు. షార్ట్‌కట్లు బట్టీ పట్టండి. డౌటున్న ప్రశ్న ముట్టుకోవద్దు" అని. ఇది చదివి మన పిల్లలు అప్లై చేయడమే మానేస్తారేమోనని నా బాధ.

ముందు భాష సంగతి. పేపర్ ఇంగ్లీషులోనే ఉంటుంది, నిజమే. కానీ బౌండెడ్, కంటిన్యువస్, సబ్‌గ్రూప్ లాంటి మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి. అభిసరణ అంటే ఏంటో అర్థమైన వాళ్లకు దాన్ని కన్వర్జెన్స్ అంటారని నేర్చుకోవడం పెద్ద పనేం కాదు.

అన్నిటికంటే చెడ్డ సలహా షార్ట్‌కట్లది. తెలంగాణలోని యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, ఒక్కోదానికి 54 సెకన్లు. అక్కడ అవి కొంత పనికొస్తాయి. జామ్‌లో ఎ, బీ, సీ సెక్షన్లు కలిపి 180 నిమిషాలకు 60 ప్రశ్నలే. అంత టైమ్ ఇచ్చేది ఆలోచించడానికే. "ఐగెన్ విలువ రిపీటైతే మాత్రిక డయాగనలైజ్ కాదు (వికర్ణ మాత్రికగా మారదు)" అని బట్టీ పట్టారనుకోండి. 2×2 యూనిట్ మాత్రిక తీసుకోండి. ఐగెన్ విలువలు రెండూ 1. కానీ అది అసలే వికర్ణ మాత్రిక! ఇప్పుడు పై వరుసలోని సున్నా తీసి 1 పెట్టండి. ఐగెన్ విలువలు అవే, ఈసారి మాత్రం డయాగనలైజ్ కాదు. ఈ రెండూ చేత్తో చేసి చూసినవాళ్లు మళ్లీ మోసపోరు. బీ సెక్షన్‌లో ఒక ప్రశ్నకు ఒకటి కంటే ఎక్కువ సరైన ఆప్షన్లు ఉండొచ్చు; అవన్నీ గుర్తిస్తేనే మార్కులు, సగం మార్కులు ఇవ్వరు. బట్టీ చదువు అక్కడే ముంచుతుంది.

డౌటుంటే వదిలేయాలా? నెగెటివ్ మార్కులు ఒక్క ఎ సెక్షన్‌లోనే: 1 మార్కు ప్రశ్న తప్పితే 1/3, 2 మార్కులది తప్పితే 2/3 పోతాయి. నాలుగింట్లో రెండు ఆప్షన్లు తప్పని తేలితే, మిగతా రెండింట్లో ఒకటి పెట్టడమే సగటున లాభం. బీ, సీ సెక్షన్లలో కోతే లేదు, ఖాళీగా ఎందుకు వదలాలి?

కోచింగ్‌కు స్తోమత ఉంటే వెళ్లండి. తప్పదన్న మాట మాత్రం నమ్మకండి. పాత పేపర్లు, ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్) పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ కోసం ఇంట్లో అప్పు చేయించే ముందు, ఒక పాత పేపర్ మూడు గంటలు కూర్చుని రాయండి. ఏ చాప్టర్‌లో ఎన్ని తప్పాయో రాసుకుని, మీ కాలేజీ లెక్కల సార్‌కు చూపించండి.