సవరణ: జవాబు 71/100 కాదు, 74/100

నిన్న పెట్టిన సంభావ్యత లెక్కలో తప్పు దొర్లింది. 1 నుంచి 100 వరకు రాసిన చీటీల్లోంచి ఒకటి తీస్తే, ఆ సంఖ్య 2, 3, 5లలో కనీసం ఒకదానితో నిశ్శేషంగా భాగించబడే సంభావ్యత ఎంత అన్నది ప్రశ్న. 71/100 అని రాశాను. సరైన జవాబు 74/100, అంటే 37/50. నోట్సులో రాసుకున్నవాళ్లు దయచేసి దిద్దుకోండి.

2 గుణిజాలు 50, 3వి 33, 5వి 20. కూడితే 103. ఉన్న చీటీలే 100 కదా, కొన్నింటిని మళ్లీ మళ్లీ లెక్కపెట్టామని ఇక్కడే తెలిసిపోతుంది. అందుకని 6 గుణిజాలు 16, 10వి 10, 15వి 6 తీసేశాను. 71 వచ్చింది. అక్కడే ఆగిపోయాను.

30 రాసి ఉన్న చీటీని చేతిలోకి తీసుకుని చూడండి. 2 లెక్కలో, 3 లెక్కలో, 5 లెక్కలో మొత్తం మూడుసార్లు చేరింది. తర్వాత 6, 10, 15 దగ్గర మూడుసార్లూ పోయింది. చివరికి ఆ చీటీ లెక్కలోనే లేదు! 60, 90ల సంగతీ అంతే. ఈ మూడింటినీ తిరిగి కలపాలి: 71 + 3 = 74.

ఈసారి ఇంకో దారిలోనూ సరిచూశాను. మూడింటిలో దేనితోనూ భాగించబడనివి 30 లోపు ఎనిమిది: 1, 7, 11, 13, 17, 19, 23, 29. ప్రతి ముప్పైకీ ఇదే వరస, కాబట్టి 90 దాకా 24. ఆపైన 91, 97. మొత్తం 26. నూటిలోంచి తీస్తే 74.

నిన్నటి పేకముక్కల లెక్క (52 ముక్కల్లోంచి ఒకటి తీస్తే అది రాజు లేదా ఆఠీను అయ్యే సంభావ్యత, 4/13) మాత్రం సరిగ్గానే ఉంది. అక్కడ గుంపులు రెండే, ఆఠీన్ రాజును ఒక్కసారి తీసేస్తే చాలు.