జానెడు దూరంలో శత్రువు

వార్‌హామర్ అనే బొమ్మల యుద్ధక్రీడలో 2010కి ముందున్న నియమం కఠినమైనది. ఎవరి మీద ఆయుధం విసురుతున్నామో ముందు ప్రకటించి, ఆ తరువాతే దూరం కొలిచే టేపు తీయాలి. దూరం చాలకపోతే విసిరినవన్నీ వృథా. ఇంగ్లండులో ఉద్యోగం చేసే రోజుల్లో, ఒక చర్చి హాలులో ఆదివారాలు ఆడుకొనే బృందంలో నేను చేరేనాటికి ఈ నియమమే నడుస్తూ ఉండేది.

నా సైన్యం స్కింకులనే బల్లి మనుషులు. అప్పటి నియమాల్లో వాళ్ల బల్లెం 8 అంగుళాలకు మించి పోయేది కాదు కాబట్టి విలుకాళ్లకు మేము లోకువ. కాని విలుకాడు కదిలి బాణం వేసినా, దూరం సగం దాటినా గురి తప్పే అవకాశం పెరిగేది. విసురు ఆయుధానికి ఆ రెండు జరిమానాలూ ఉండేవి కావు. కనుక 6 అంగుళాలు పరుగెత్తి అక్కడి నుంచే విసిరితే, 14 అంగుళాల దూరాన నిశ్చింతగా ఉన్నవాడిని కూడా కొట్టవచ్చు. చిక్కంతా ఆ 8 అంగుళాలను కంటితో తూచడంలోనే ఉంది.

అందుకు నేనొక ఉపాయం కనిపెట్టాను. రెండు జానలు ఒక మూర, మూర అంటే 18 అంగుళాలు అన్న లెక్కను మా నాయనమ్మ పూలమ్మితో పోట్లాడుతుండగా విని నేర్చుకున్నవాణ్ణి. జానలో బొటనవేలి వెడల్పు తగ్గిస్తే 8 అంగుళాలు! అలసిపోయినవాడిలా బల్ల మీద చెయ్యి ఆనించి, మెల్లగా వేళ్లు చాచాను. కవచాలు తొడిగిన రౌతులు సరిగ్గా అందులోకి వచ్చారు. పదిమంది చేతా బల్లేలు విసిరించాను. ఎదుటి పెద్దాయన కళ్లజోడు సవరించుకొని టేపు చాచి, "ఎనిమిదింబావు" అన్నాడు.

పూలు అమ్మేవారి మూర ముడుచుకొంటుందని, కొనేవారి మూర సాగుతుందని నాయనమ్మే చెప్పేది. ఆశకొద్దీ నా జాన పావంగుళం సాగింది.

తరువాతి వంతులో 14 అంగుళాలు దూకగల ఆ గుర్రాలు మా మీదికి బయలుదేరాయి. పారిపోతామని ప్రకటించి రెండు పాచికలు దొర్లిస్తే ఒకటీ రెండూ పడ్డాయి. మూడంగుళాల పరుగుతో బతికిన బల్లి ఎక్కడా లేదు. పెద్దాయన ఒక్కొక్క స్కింకునే జాగ్రత్తగా ఎత్తి పెట్టెలో పడుకోబెట్టి, నా వైపు మర్యాదగా వంగి అన్నాడు:

"ఏమీ అనుకోకపోతే, ఆ చెయ్యి కాస్త తీస్తారా? నా గుర్రాలు అక్కడికే రావాలి."