క్షవరం అయిన మర్నాడు సంగతి ఏమిటి?

కర్నూలులో రోడ్డు పక్కన పడుకునే ఒక పెద్దాయనకు గడ్డం గీయించి, స్నానం చేయించి, కొత్త చొక్కా తొడిగిన వీడియో ఈ వారమంతా నా ఫోనుకు వస్తూనే ఉంది. స్నానం మంచిదే, కాదనను. కానీ ముఖం కూడా దాచకుండా ఊరంతా చూపించారే! రేపు ఆయన ఏ హోటల్లోనో ప్లేట్లు కడిగే పని అడగబోతే, ‘వీడియోలో ఉన్నది నువ్వే కదా’ అంటారు.

అసలు చిక్కు ఆ మర్నాడే మొదలవుతుంది. పని ఇచ్చేవాళ్లు ఆధార్ అడుగుతారు. గది ఇచ్చేవాళ్లు అడ్వాన్సుతో పాటు ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీస్తారు. కొందరు కులం కూడా. మార్కెట్ యార్డులో ఉల్లి బస్తాలు మోసే సత్తువ ఉన్నా, ‘ఇతను నాకు తెలుసు’ అనే మనిషి లేకపోతే దగ్గరికి రానివ్వరు.

ఓటు సంగతి చూడండి. ఇల్లు లేనివాళ్లు దరఖాస్తు చేస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, అక్కడే పడుకుంటున్నారని నిర్ధారించుకుంటే చాలు, చిరునామా పత్రం అక్కర్లేదు. ఓటుకు చిరునామాగా పనికొచ్చిన ఆ ఫుట్‌పాత్, అద్దె గది దగ్గర మాత్రం అనుమానానికి కారణమవుతోంది.

లక్ష జనాభాకు ఇల్లు లేనివాళ్ల కోసం ఒక వసతి గృహం ఉండాలనీ, అది పగలూ రాత్రీ తెరిచి ఉండాలనీ 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధన పెట్టింది. 2011 లెక్కల్లోనే నాలుగు లక్షలు దాటిన ఊరు మనది. పగలు కూడా ఎందుకంటారా? రాత్రంతా పనిచేసి వచ్చినవాళ్లు నిద్రపోయేది అప్పుడే మరి.

ఇక ‘సొంత ఊరికి బస్సెక్కిస్తే సరి’ అనేవాళ్లతో నాకు ఒళ్లు మండుతుంది. కొందరు పారిపోయి వచ్చిందే ఆ ఇంట్లోని దెబ్బలు తట్టుకోలేక. మానసిక జబ్బు నయమైనవాళ్లను ఇంటివాళ్లు తీసుకెళ్లలేదన్న సాకుతో ఆసుపత్రిలోనే ఉంచకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. సరే, బయటికొచ్చాక వాళ్లకు గది ఇచ్చేదెవరు?

వీడియో తీసిన కుర్రాళ్లకు మనసుంది, కాబట్టే అడుగుతున్నాను. తలా కొంత వేసుకుని అడ్వాన్సు కట్టండి. ఇంటి యజమానికి పూచీగా మీ ఫోన్ నంబరు ఇవ్వండి. ఆరు నెలలపాటు వెళ్లి చూసి వస్తూ ఉండండి. మధ్యలో ఆయన పని మానేయవచ్చు, తాగి గొడవ చేయవచ్చు. యజమాని ఫోను చేస్తాడు. ఎత్తండి.