పీడీఎఫ్‌లో ‘మంతి్ర’ మంత్రి అయ్యేదెప్పుడు?

తెలుగు పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. చాలాసార్లు ‘మంత్రి’ కాస్తా ‘మంతి్ర’ అయిపోతుంది. పేజీ మీద చూస్తే అక్షరం చక్కగానే ఉంటుంది. కానీ పీడీఎఫ్ లోపల ఉండేది ఫాంటులోని బొమ్మలు, అవీ గీసిన వరుసలో. గుడి ఉన్న ‘తి’ ముందు, ర వత్తు తర్వాత. కాపీ చేస్తే అదే వరుస బయటికొస్తుంది. (అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్ల గోల వేరు. అక్కడ అసలు తెలుగే రాదు.)

దీనికి మందు 2001లో వచ్చిన పీడీఎఫ్ 1.4 వెర్షన్‌లోనే ఉంది. పేరు యాక్చువల్ టెక్స్ట్. ఈ బొమ్మలన్నీ కలిపి చదవాల్సింది ఇదీ అని పక్కనే రాసిపెట్టే ఏర్పాటు. అయితే ఫైలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ దాన్ని రాయాలి, తెరిచే సాఫ్ట్‌వేర్ పట్టించుకోవాలి. ఒక్కరు ఎగ్గొట్టినా మళ్లీ ‘మంతి్ర’యే.

అందుకే ఓపెన్ సోర్స్ వాళ్లు, అంటే కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టి సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు, పీడీఎఫ్‌లో కొత్తవి ఎందుకు అందుకోవడం లేదని ఎవరైనా విసుక్కుంటే, ఏది కొత్త అని అడగాలనిపిస్తుంది. పీడీఎఫ్ 2.0 వచ్చింది 2017లో, సవరించిన ప్రతి 2020లో. కానీ 2023 ఏప్రిల్ దాకా దాని నియమాలు రాసిన పత్రాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే. సెలవు రోజుల్లో కోడ్ రాసేవాళ్లను ముందు రూల్ బుక్ కొనమంటే ఎలా?

పైగా పాత బాకీలు. తెరవగానే ‘ప్లీజ్ వెయిట్’ అని చూపించి అక్కడే ఆగిపోయే ఫారాలు గుర్తున్నాయా? అవి ఎక్స్‌ఎఫ్‌ఏ అనే పాత పద్ధతిలో చేసిన ఫారాలు. పీడీఎఫ్ 2.0 వాటిని పక్కన పెట్టేసింది. ఫైర్‌ఫాక్స్ మాత్రం 2021లో వాటిని తెరవడం నేర్చుకుంది, ప్రభుత్వాలూ బ్యాంకులూ వాడటం మానలేదు కాబట్టి. నా దృష్టిలో అది సరైన పనే.

ఇప్పుడు పీడీఎఫ్‌లోకి బ్రోట్లీ అనే కుదింపు పద్ధతిని తేవడం మీద హుషారుగా చర్చ నడుస్తోంది. ఫైలు సైజు తగ్గుతుంది, నిజమే. కానీ బ్రోట్లీ తెలియని వ్యూయర్‌కు (పీడీఎఫ్ తెరిచే సాఫ్ట్‌వేర్‌కు) పేజీలో ఏముందో అర్థం కాదు. పరీక్షకు గంట ముందు జిరాక్స్ షాపులో హాల్ టికెట్ తెల్ల కాగితంలా తెరుచుకుంటే ఆ టెన్షన్ ఎవరిది? కాబట్టి బ్రోట్లీ ఫైళ్లను చదివే కోడ్ ఇప్పుడే పెట్టండి, అలాంటి ఫైళ్లను తయారుచేసే కోడ్ కొన్నేళ్లు ఆపండి. పాప్లర్ అని, 2005లో ఎక్స్‌పీడీఎఫ్ అనే వ్యూయర్ కోడ్ నుంచి విడిపోయిన ఉమ్మడి కోడ్ ఉంది. అందులో ఒకచోట మార్పు చేస్తే దాన్ని వాడే ఎవిన్స్, ఆక్యులర్ అనే వ్యూయర్లు రెండింటికీ అందుతుంది. ఇంత సౌకర్యం ఉన్నప్పుడు చదవడంలో వెనకబడటానికి సాకు లేదు.

తొందరపాటుకు ఒక ఉదాహరణ ఉంది. 2008లో అడోబీ అక్రోబాట్ 9లో 256 బిట్ల ఎన్‌క్రిప్షన్ తెచ్చింది. తాళం పెద్దదే, కానీ పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మునుపటికన్నా బలహీనం. పీడీఎఫ్ 2.0లో దాన్ని మార్చాల్సి వచ్చింది. అయినా ఆ పాత పద్ధతిలో తాళం వేసిన ఫైళ్లను ఓపెన్ సోర్స్ వ్యూయర్లు ఇవాళ్టికీ తెరవాల్సిందే.

నన్నడిగితే బ్రోట్లీ కన్నా ముందు యాక్చువల్ టెక్స్ట్. డెవలపర్లలో తెలుగు చదవగలిగేవాళ్లు తక్కువ కాబట్టి ‘మంతి్ర’లో తప్పు వాళ్ల కంటికి ఆనదు. మీ దగ్గర అలాంటి ఫైలుంటే రహస్యాలేమీ లేని ఒక్క పేజీ తీసి, అది ఏ సాఫ్ట్‌వేర్‌తో, ఏ ఫాంటుతో తయారైందో రాసి, వ్యూయర్ చేసేవాళ్లకు బగ్ రిపోర్ట్ (తప్పు గురించిన ఫిర్యాదు) పెట్టండి. కాపీ చేస్తే ఏం వచ్చిందో, ఏం రావాలో రెండూ పక్కపక్కన చూపించండి.